ఫ్యాను ఆపిన గది

మొన్నామధ్య మా ఆఫీసులో పనిచేసే కుర్రాడొకడు రుషికొండ దగ్గర కొత్తగా కొన్న ఫ్లాటుకి రమ్మని పిలిచాడు. అతనికి పాటలంటే పిచ్చి. ఒక గది మొత్తం వాటికే ఇచ్చేశాడు. గోడలకు స్పాంజి పలకలు, కింద మందపాటి తివాచీ, మనిషి ఎత్తున నల్లగా నిగనిగలాడే రెండు స్పీకర్లు. వాటి ఖరీదు చెప్పబోతే నేనే వద్దన్నాను. గది మధ్యలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, ఫోన్లో ఏదో నొక్కి పాట పెట్టాడు.

శబ్దం గొప్పగా ఉంది. అందులో అనుమానం లేదు. కానీ కాసేపటికే నా చెవి పాటని వదిలేసి, పైన ఏసీ చేసే రొదని పట్టుకుంది.

"ఇది కాసేపు ఆపుదామా?" అన్నాను.

"ఏసీనా సార్? ఉడికిపోతాం కదా!"

"ఉడికిపోదాం."

నవ్వుతూనే ఆపాడు. పాట అయ్యేసరికి ఇద్దరి చొక్కాలూ తడిసిపోయాయి. "మీకు వినడం తెలుసు సార్. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడిగాడు. ఏదో చెప్పి తప్పించుకుని ఇంటికి వచ్చేశాను. నాకు వినడం నేర్పిన మనిషి గురించి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. ఆయన సంగతి చెప్పడం మొదలుపెడితే నా సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది.

మా నాన్న స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చి గోదావరి వైపు నుంచి విశాఖపట్నం వచ్చినవాడు. మాది ప్లాంటు వాళ్ళ క్వార్టరు. నేను డిగ్రీలో చేరిన ఏడాది వానాకాలంలో మా ఇంట్లో టేప్ రికార్డర్ మూగబోయింది. మా తమ్ముడు క్యాసెట్ పెట్టే చోట అటుకులు పోశాడు. క్వార్టర్ల దగ్గరున్న రిపేరు కొట్టతను విప్పి చూసి, మళ్ళీ మూసేసి, దండం పెట్టాడు. నాన్న ఎవరినో వాకబు చేసి, "పాతవూళ్ళో ఒక సాయిబుగారబ్బాయి ఉన్నాడటరా. ఎలాంటి మిషన్నైనా బతికిస్తాడట. పట్టుకెళ్ళు" అన్నాడు.

బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని బయల్దేరాను. మల్కాపురం దగ్గర రిఫైనరీ వాసన ముక్కుపుటాలని పట్టుకునేది. అది వదిలేలోపు రేవు వైపు నుంచి ఎండుచేపల వాసన అందుకునేది. పాతవూళ్ళో దిగితే గోడలు, ఆరేసిన బట్టలు, ఆఖరికి వీధిలో తిరిగే తెల్ల మేకలు కూడా రేవులో దించే ఇనుప ఖనిజం దుమ్ముకి ఎర్రబారి కనిపించేవి.

మేడ కింద ఆ సాయిబుగారబ్బాయి వాళ్ళ నాన్నగారి వడ్రంగి కొట్టు. ఆ పెద్దాయనకి నలభై దాటకుండానే చెవులు పోయాయట. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా వెళ్ళి నిలబడి అరవాలి. కొట్టులో ఒక మూల చిన్న బల్ల, దాని మీద పొట్ట విప్పిన రేడియోలు, ఆ బల్ల వెనక ఆయన. నాకంటే పదేళ్ళు పెద్ద. బక్కగా, పొడుగ్గా, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని ఉన్నాడు. మా టేప్ రికార్డర్ని తిరగేసి కొట్టాడు. అటుకులు రాలాయి.

"ఏటి బావా, దీనికి టిఫిన్ కూడా పెడతన్నారేటి మీ ఇంట్లో?"

"మా తమ్ముడండీ..."

"అండీ ఏటి? నాను కలెక్టర్నా? బావా అను సాలు."

మా ఇంట్లో పెద్దవాళ్ళని 'మీరు' అనకపోతే వీపు మోగేది. నాకు నోరు తిరగడానికి నెల పట్టింది. ఆయన మాత్రం మొదటి మాట నుంచీ నన్ను బావా అనే పిలిచాడు. టేప్ రికార్డర్ బాగుచేసి, నేను తెచ్చిన క్యాసెట్ వేసి వినిపించి, పెదవి విరిచాడు. "మాటలు ఇనపడతాయి దీన్లో. పాట ఇనపడాలంటే మేడ మీదికి రా. శుక్రవారం, నమాజు అయ్యాక."

వెళ్ళాను. శుక్రవారం మధ్యాహ్నం క్లాసులు ఎగ్గొట్టి వెళ్ళాను. ఇంట్లో స్పెషల్ క్లాసు అని చెప్పాను. ఆ అబద్ధం ఆ ఏడాది పొడుగునా నడిచింది. "శుక్రవారం నీకు అంత చదువేంట్రా, మిగతా రోజుల్లో కనపడదు" అనేది అమ్మ.

మేడ మీద చిన్న గది. కిటికీకి గోనెసంచులు, వాటి మీద పాత బొంతలు. గోడ వారన రెండు పెద్ద చెక్క పెట్టెలు. పాత ఓడలు విప్పే చోట కొన్న టేకు బల్లలతో వాళ్ళ నాన్న చిత్రికపట్టి చేసినవి. "ఓడ సెక్క ఉప్పుగాలి తినీ తినీ గట్టిపడిపోద్ది బావా. పాటకి వణకదు" అనేవాడు. లోపల స్పీకర్లు ఆయనే ఏరి బిగించాడు. బల్ల మీద వాల్వుల ఆంప్లిఫయరు, ఒక ఓడ నుంచి తీసి అమ్మేసినది. దాని పక్కన రికార్డ్ ప్లేయరు, మరో ఓడలో వచ్చిన నావికుడెవరో వదిలించుకుని వెళ్ళినది. వాల్వులు వేడెక్కితే నారింజ రంగులో వెలిగేవి. కాలిన దుమ్ము, సోల్డరింగు పొగ, టేకు, ఇవన్నీ కలిసి ఒక వాసన వచ్చేది. ఆ వాసన తర్వాత నాకు ఇంకెక్కడా దొరకలేదు.

గదిలో కుర్చీ ఒక్కటే. రెండు పెట్టెలకీ సమానమైన దూరంలో, నేల మీద సుద్దతో గీసిన గుర్తు మీద ఉండేది. అందులో అతిథి కూర్చోవాలి. ఆయన గుమ్మం పక్కన నేల మీద కూర్చునేవాడు. తలుపు మూసి, చివరగా ఫ్యాను ఆపేసేవాడు. అది తిరిగితే సన్నని శబ్దాలు దాని రెక్కల కింద పడి చచ్చిపోతాయట. విశాఖపట్నం ఎండల్లో, కిటికీ మూసిన గదిలో, ఫ్యాను లేకుండా! చెమట వీపు మీద గీతలు గీస్తూ దిగేది. అయినా వెంటనే రికార్డు పెట్టేవాడు కాదు. చెయ్యి పైకెత్తి ఆగేవాడు. రేవులో సైరన్ అయిపోవాలి. ఖనిజం తెచ్చే గూడ్సు బండి వెళ్ళిపోవాలి. వీధి మొత్తం అన్నం తిని కునుకు తీసే ఆ కాస్త సమయంలోనే మా కచేరీ.

మొదటి రోజు పెట్టింది వీణ. అయిపోయాక ఆయన అడిగాడు:

"ఏటి ఇనపడింది?"

"చాలా బాగుంది."

"బాగుందని రిక్షా తాత కూడా సెప్తాడు. నీకేటి ఇనపడింది?"

ఆయన సూదిని మళ్ళీ మొదట్లో పెట్టాడు. "తీగ మీటే ముందు ఇను. ఆయమ్మ సెయ్యి ఎత్తతాది."

విన్నాను. నిశ్శబ్దంలోంచి సన్నగా గాజుల చప్పుడు. ఎవరో ఒకావిడ, ఎక్కడో, ఎప్పుడో, వీణ వాయించడానికి చెయ్యి ఎత్తింది. ఆవిడ నా ముందే కూర్చుని ఉన్నట్టు నా ఒళ్ళు ఝల్లుమంది.

ఆ గదిలో రివాజు అదే. రికార్డు ఒక వైపు పూర్తయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. అయ్యాక ఒక్కొక్కరూ తమకి కొత్తగా వినపడిన ఒక్క సంగతి చెప్పాలి. ముందువారం చెప్పింది మళ్ళీ చెబితే లెక్కలోకి రాదు. గాయకుడు ఊపిరి తీసుకునే చోటు, తబలా అతని వేలి ఉంగరం తగలడం, సన్నాయి వాయించేవాడు పెదవి తడుపుకోవడం, ఇవే మాకు దొరికే నిధులు. మా ఇద్దరితో పాటు అప్పుడప్పుడు రిఫైనరీలో పనిచేసే ఒకాయన వచ్చేవాడు. అతనికి ఎప్పుడూ వాద్యాల వెనక ఎవరో తలుపు వేసిన శబ్దమే వినపడేది. "నీకు రికార్డులో పాట తప్ప అన్నీ ఇనపడతాయి, ఆ తలుపు ఏసినోడు నీకు సుట్టమేటి?" అని ఆటపట్టించేవాడు ఆయన.

తర్వాత తిండి. వాళ్ళమ్మ కింద నుంచి పిలిచేది. జాలరిపేట నుంచి తట్ట నెత్తిన పెట్టుకొచ్చే ఆమె దగ్గర కొన్న చేపలు, మిరియం దట్టించి వేయించినవి. పప్పూ మాంసం కలిపి ఉడికించిన దాల్చా, దాన్లో సొరకాయ ముక్కలు. పండగ వెళ్ళిన వారమైతే సేమ్యా. "తిను బాబూ, సిక్కిపోనావు. మీ అమ్మ నన్ను తిట్టదేటి?" అని వడ్డిస్తూనే ఉండేది. ఇంటికెళ్ళాక అమ్మ పెట్టిన అన్నం కెలికి లేచేవాణ్ణి.

ఒకసారి నేనొక కొంటెపని చేశాను. చెప్పడానికి ఏమీ దొరక్క, "పాట మధ్యలో వెనక ఎవరో దగ్గారు" అని కల్పించాను. రిఫైనరీ ఆయన వెంటనే "అవునవును" అన్నాడు. మా మిత్రుడు మాత్రం సూదిని వెనక్కి పెట్టి, కళ్ళు మూసుకుని, మళ్ళీ మళ్ళీ విన్నాడు. ముఖం మీద చెమట ధారలు కడుతుంటే కూడా తుడుచుకోలేదు. చివరికి కళ్ళు తెరిచి, "నాకు ఇనపళ్ళేదు బావా. నీ సెవి నాకంటే మంచిది" అన్నాడు. నవ్వు ఆపుకోలేక కల్పించానని ఒప్పేసుకున్నాను. పక్కనున్న దిండు తీసి నా మొహాన కొట్టాడు. కొడుతూనే, "ఇన్నది సెప్పు, ఇననిది సెప్పకు. ఈ గదిలో అదొక్కటే హరామ్" అన్నాడు.

ఏడాది గడిచేసరికి నా చెవి నిజంగానే పదునెక్కింది. బస్సులో కూర్చుంటే ఇంజనులో ఏ భాగం వదులైందో వినపడేది. పక్కింటి ప్రెషర్ కుక్కర్ ఏ స్వరంలో కూస్తుందో కనిపెట్టేవాణ్ణి. చదువులో, ఆటల్లో దేనిలోనూ ముందుండని నాకు ఇదొక్కటి దొరికింది. నాకు తెలియకుండానే ఆ గదికి వినడానికి కాకుండా గెలవడానికి వెళ్ళడం మొదలుపెట్టాను.

ఆ రోజుల్లోనే గదిలో శబ్దం మారుతోందని గమనించాను. ప్రతి పెట్టెలోనూ లావు శబ్దాలకి పెద్ద స్పీకరు, సన్నని శబ్దాలకి చిన్న స్పీకరు ఉండేవి. చిన్నదాని జోరు ఎక్కువ తక్కువలు చేయడానికి వెనక ఒక మీట. నేను వెళ్ళిన ప్రతిసారీ ఆ చిన్న స్పీకర్ల గొంతు ఇంకొంచెం పెరిగినట్టుండేది. వీణ తీగ మీద గాజుపెంకు గీసినట్టు, గాయని 'స' అంటే పాము బుసకొట్టినట్టు. ఆయన మాత్రం తల వంచి వింటూ, "ఇప్పుడు కాస్త తేటగా ఉంది కదా" అనేవాడు.

ఒకరోజు వాళ్ళమ్మ వంటగది గుమ్మంలో నన్ను ఆపింది. "బాబూ, ఈమజ్జిన ఆడు ఎనక నుంచి పిలిస్తే పలకతల్లేదు. ఏదో ఆలోచనలో ఉన్నాడనుకున్నాను. వాళ్ళ నాయనకీ ఇలాగే మొదలయ్యింది." చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది, చేతులు ఎప్పుడో ఆరిపోయినా. "నానడిగితే కసురుకుంటాడు. నువ్వంటే ఆడికి ఇష్టం. నెమ్మదిగా నువ్వు సెప్పు బాబూ, డాక్టరుకి సూపించుకోమని."

చెబుతానన్నాను. మేడ మెట్లు ఎక్కుతూ నేను ఆలోచించింది మాత్రం ఎలా చెప్పాలా అని కాదు, నిజమో కాదో తేల్చుకోవాలని. రికార్డు అయిపోయింది. ఆయన అడిగాడు, "ఏటి ఇనపడింది?"

"చివర్లో ఎవరో గంట కొట్టినట్టు, చాలా సన్నగా" అన్నాను. గంట లేదు. ఏమీ లేదు.

ఆయన సూదిని వెనక్కి పెట్టలేదు. కళ్ళు మూసుకోలేదు. క్షణం నా వైపు చూసి, "ఆఁ, అవునవును. నాకూ ఇనపడింది" అన్నాడు.

నాకు అప్పుడే గుండె జారిపోవాలి. ఆ మనిషి ఆ గదిలో అబద్ధం ఆడాడంటే ఎంత భయపడి ఉండాలి! నాకు మాత్రం, సిగ్గుతో రాస్తున్నాను, ఏదో గెలిచినట్టు అనిపించింది. ఆయనకి వినపడనివి నాకు వినపడుతున్నాయి. శిష్యుణ్ణై ఉండి గురువుని దాటేశాను. డాక్టరు మాట ఆ రోజు చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. ఆ రహస్యాన్ని జేబులో దాచుకున్న రూపాయి బిళ్ళలా అప్పుడప్పుడు తడిమి చూసుకునేవాణ్ణి.

అప్పుడే ఒక ఓడ కెప్టెను సంగతి వచ్చింది. రిటైరై సముద్రం ఒడ్డున ఇల్లు కట్టుకుంటున్నాడు. ప్రపంచంలో ఎన్నో రేవుల్లో మంచి సంగీతం విన్నవాడు. ఎవరో చెబితే మా గది గురించి తెలిసి, తన ఇంటికి అలాంటి పెట్టెలు కావాలని, ముందొకసారి విని చూస్తానని కబురు పెట్టాడు. ఆయనకి నచ్చితే ఆయన స్నేహితులూ చేయించుకుంటారు. రేడియో రిపేర్లు వదిలేసి ఇక పాటల పెట్టెలే కట్టుకుంటూ బతకొచ్చు. మా మిత్రుడు ఆ వారమంతా పెట్టెలకి మైనం రుద్దుతూనే ఉన్నాడు. పెద్దాయన కూడా వచ్చి మూలలు తడిమి, గరుకు తగిలిన చోట మళ్ళీ ఇసక కాగితం పట్టించి వెళ్ళాడు.

ముందురోజు నేను వెళ్ళి విన్నాను. ఎప్పటికంటే ఘోరంగా ఉంది. చెవిలో సూదులు గుచ్చుతున్నట్టుంది. "ఎలాగుంది బావా?" అని అడిగాడు.

"బాగుంది" అన్నాను.

ఎందుకలా అన్నానో ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. బాధపెట్టడం ఇష్టం లేక అన్నానని కొన్నాళ్ళు సర్దిచెప్పుకున్నాను. అది నిజం కాదు. ఒక్క మాట అప్పుడు, ఆ గదిలో ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పి ఉంటే, ఇద్దరం కలిసి ఆ మీట కాస్త తిప్పుకుని ఉంటే, కథ ఇంకోలా ఉండేది. కానీ ఇద్దరమే ఉన్నప్పుడు చెబితే నన్ను చూసేదెవరు?

మర్నాడు కెప్టెను గారు వచ్చారు. తెల్లటి మీసం, ఇస్త్రీ మడత నలగని చొక్కా. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాం. వాళ్ళమ్మ నిమ్మ షర్బతు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగింది. రిఫైనరీ ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఫ్యాను ఆగింది. వీణ మొదలైంది.

కెప్టెను గారి ముఖంలో మొదట కుతూహలం, కాసేపటికి కనుబొమల మధ్య చిన్న ముడి. మర్యాదస్తుడు, రికార్డు అయ్యేదాకా ఆగారు. తర్వాత "చెక్కపని అద్భుతం. శబ్దం కూడా... ఊఁ, బలంగా ఉంది" అన్నారు. "ఎక్కడో కొంచెం..." అంటూ ఆ కొంచెం ఏమిటో తెలియక వేళ్ళు ఆడించారు.

"సన్నని శబ్దాలు మరీ ఎక్కువైపోయాయండీ" అన్నాను నేను. గదిలో అందరూ నా వైపు తిరిగారు. అక్కడితో ఆగి ఉన్నా బాగుండేది. "ఆయనకి అవి వినపడవండీ. చెవులు తగ్గిపోయాయి. అందుకే పెంచుకుంటూ పోయాడు."

గుమ్మంలో గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు. ఆ చప్పుడు ఆ గదిలో నేను విన్న వాటన్నిటికంటే స్పష్టంగా ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆయన లేచి నిలబడ్డాడు. కోపం కనిపించలేదు. చిన్నగా నవ్వాడు, తప్పు లెక్క చేసి మాస్టారికి దొరికిపోయిన పిల్లాడిలా. "నిజమేటి బావా?" అన్నాడు. నేను తలూపాను. "అయితే నువ్వే సరిసెయ్యి" అని పెట్టెల వెనక్కి దారి చూపించాడు.

నేను వెళ్ళి మీటలు తిప్పాను. కొంచెం తగ్గించి, విని, ఇంకొంచెం తగ్గించి. వీణ మళ్ళీ వీణలా పలికింది. కెప్టెను గారి కనుబొమల మధ్య ముడి విడిపోయింది. "శభాష్! బంగారం లాంటి చెవి నీది" అని నా భుజం తట్టారు. పెట్టెలు చేయమని అక్కడే చెప్పేశారు. అనుకున్న పని అయింది. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు అనుకోవడానికి నాకు ఆ మాట చాలా రోజులు పనికొచ్చింది.

సాయంత్రం ఆయన నాతో బస్టాపు దాకా వచ్చాడు. బస్సు కోసం నిలబడ్డాక అడిగాడు.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

"ఇవాళే అనిపించింది."

ఆయన తల పంకించాడు. నమ్మలేదని నాకు తెలుసు. అయినా నిలదీయలేదు. "నువ్వు సెప్పింది నిజం. నిజం సెప్పినోడి మీద కోపం ఏటుంటాది?" అన్నాడు. బస్సు వస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "బావా, ఒక్కటి అడగనా? శుక్రవారం శుక్రవారం రా. నాను కడతాను, నువ్వు ఇను. ఎక్కువో తక్కువో సెప్పు సాలు. నాకు సేతులున్నాయి. సెవులు నువ్వు."

"తప్పకుండా వస్తాను" అన్నాను. ఆ క్షణంలో మనస్ఫూర్తిగానే అన్నాను.

ఒకే ఒక్క శుక్రవారం వెళ్ళాను. కెప్టెను గారి పెట్టెలు సగం తయారయ్యాయి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్యాను ఆపి, రికార్డు పెట్టాడు. ఎప్పటిలా గుమ్మం పక్కన కూర్చోలేదు. నాకు ఎదురుగా, రెండు పెట్టెల మధ్య నేల మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకోలేదు. నా ముఖం వైపే చూస్తున్నాడు. నా కనురెప్ప కదిలితే ఆయన కనురెప్ప కదులుతోంది. నాకు నచ్చిన చోట ఆయన ముఖం విచ్చుకుంటోంది. పాట నా ముఖం మీద ఎక్కడైనా కనపడుతుందేమోనని వెతుకుతున్నాడు.

ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. ఏదో ఒకటి చెప్పి, వాళ్ళమ్మ పిలుస్తున్నా తినకుండా, వచ్చేశాను.

తర్వాతి శుక్రవారం పరీక్షలని వెళ్ళలేదు. ఆ తర్వాత జ్వరం. ఆ తర్వాత కారణం వెతుక్కోవడం కూడా మానేశాను. ఒకసారి పూర్ణా మార్కెట్‌లో కూరలు కొంటుంటే వాళ్ళమ్మ ఎదురైంది. నిష్ఠూరం ఆడలేదు. "శుక్రవారం నీ కుర్సీ ఏసి ఉంచుతన్నాడు బాబూ. నమాజు నుంచి వచ్చి మెట్ల మీద కూకుంటాడు" అంది అంతే. ఈ వారం తప్పకుండా వస్తానమ్మా అన్నాను. ఆ వారం స్నేహితులతో సినిమాకి వెళ్ళాను. సినిమాలో ఒక్క ముక్క ఎక్కలేదు. అయినా కూర్చున్నాను.

కెప్టెను గారి తర్వాత ఇంకొకాయన కూడా పెట్టెలు చేయించుకున్నాడని, శబ్దం బాగాలేదని తిరిగి పంపించేశాడని రిఫైనరీ ఆయన ఒకసారి బస్సులో కలిసి చెప్పాడు. "నువ్వెందుకు రావటం మానేశావయ్యా? నాకా ఏమీ తెలీదు. నేను చెబితే వాడు నమ్మడు" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. పిలిచిన మనిషిని అవమానించడం ఒక తప్పు. ఆయన దాన్ని దిగమింగుకుని, చెయ్యి చాచి, నువ్వే కావాలని అడిగితే మొహం చాటేయడం దానికంటే పెద్ద తప్పు. మొదటిది నోటి దురుసు, వయసు పొగరు. రెండోది మాత్రం నేనే. ఏ వయసులోనైనా నేనే.

డిగ్రీ అయింది. నాన్న చేసిన చోటే నాకూ ఉద్యోగం వచ్చింది. పెళ్ళి, పిల్లలు. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. అవీ పోయి పాటలన్నీ సెల్‌ఫోన్లలోకి దూరిపోయాయి. ఆ రోజుల్లో మేం గాజువాక దగ్గర ఇల్లు కట్టుకుంటున్నాం. తలుపులకి మంచి వడ్రంగి ఎవరైనా ఉన్నారా అని మేస్త్రీ అడిగితే, నా నోట పాతవూరు మాట వచ్చింది. వెళ్ళాలని ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఊరికే వెళ్ళే ధైర్యం లేక తలుపుల పని చేతిలో పట్టుకుని వెళ్ళాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను.

కొట్టు అదే. రేడియోల బల్ల లేదు. ఆయన వాళ్ళ నాన్న నిలబడే చోట నిలబడి తలుపు చెక్కకి చిత్రిక పడుతున్నాడు. తల నెరిసింది. ఎదురుగా వెళ్ళి నిలబడేదాకా నన్ను గమనించలేదు. చూడగానే చిత్రిక పక్కన పడేసి, చెక్కపొట్టు ఒంటితోనే గట్టిగా కావలించుకున్నాడు.

"ఏటి బావా! లావయిపోనావు!" వీధంతా వినపడేలా అన్నాడు. తన గొంతు ఎంత పెద్దదో తనకి తెలియడం లేదు. అమ్మ పోయిందని, నాన్న అంతకుముందే పోయాడని, పై గది పిల్లలకి ఇచ్చేశానని చెప్పాడు. పెట్టెలేమయ్యాయని చేత్తో సైగ చేసి అడిగాను. "అల్మారా సేసేసేను. మంచి టేకు కదా! పిల్లల పుస్తకాలు పెట్టుకుంటన్నారు." ఎదురు కొట్టుకి టీ చెప్పాడు. బెంచీ మీద కూర్చున్నాం.

నేను కూడబలుక్కున్న మాటలు మెల్లగా మొదలుపెట్టాను. "ఆ రోజు కెప్టెను గారి ముందు నేనలా అనకుండా ఉండాల్సింది. తర్వాత రాకపోవడం అంతకంటే తప్పు..."

ఆయన నా నోటి దగ్గరికి చెవి వంచాడు. "ఏటీ?"

కొంచెం గొంతు పెంచి మళ్ళీ చెప్పాను.

"ఏటి బావా? గట్టిగా!"

టీ కుర్రాడు గ్లాసులు పట్టుకుని నిలబడ్డాడు. మంచం కొనడానికి వచ్చిన దంపతులు మా వైపు తిరిగి చూస్తున్నారు. ఆ మాటలు మెల్లగా చెప్పడానికి తయారైనవి. అరవడానికి పనికిరావు. ఊపిరంతా కూడదీసుకుని నోరు తెరిచాను. బయటికి వచ్చింది మాత్రం ఇది:

"బాగున్నావా?"

వీధి ఉలిక్కిపడింది. ఆయన ఒళ్ళంతా కదిలేలా నవ్వాడు. "బాగున్నాను బావా, బాగున్నాను! అంతలా అరవకు. నాను సెవిటోణ్ణని ఊరందరికీ మళ్ళీ సెప్పాలేటి?"

అని టీ గ్లాసు నా చేతిలో పెట్టాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆయన ముఖమంతా వెతికాను. లేదు. ఉండి ఉంటే బాగుండేది. బదులు చెప్పడానికి నాకొక దారి దొరికేది.

టీ తాగాను. ఇక వచ్చిన పని ఏమిటని ఆయన అడిగాడు. లేచి నిలబడి, మా ఇంటి తలుపుల కొలతలు మాత్రం వీధి చివరిదాకా వినపడేలా చెప్పగలిగాను.